నెల్లూరులో మా నర్సింగ్ చదువు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది

మాది కందుకూరు పక్కన చిన్న పల్లె. నేను చదువుకునే రోజుల్లో అది ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపారు. ఒంగోలు దగ్గర, నెల్లూరు దూరం అని మా ఊళ్ళో చాలామంది బాధపడ్డారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఇంటర్ అయిపోగానే నేను ఇల్లు వదిలి వెళ్ళింది నెల్లూరుకే. మనిషి ఒంటి మీద చెయ్యి వేసి జ్వరం చూడటం దగ్గర్నుంచి, నా కాళ్ళ మీద నేను నిలబడటం దాకా అన్నీ ఆ ఊళ్ళోనే నేర్చుకున్నాను.

ఇప్పుడు ఇంటర్ పూర్తయిన ఆడపిల్లలు, ఈమధ్య మగపిల్లలు కూడా, ఎవరి ద్వారానో నా నంబరు తీసుకొని ఫోన్ చేస్తుంటారు. "అక్కా, నర్సింగ్ చేస్తే తర్వాత ఏముంటది?" అని అడుగుతారు. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. హాస్టల్లో మా రూంలో ఉన్న ఐదుగురం ఏమయ్యామో చెప్పడం మొదలుపెడతాను. ఈసారి అదంతా రాసి పెడదామనిపించింది.

నర్సు అంటే నాకు మొదట తెలిసింది మా ఊరి సబ్‌సెంటర్ ఏఎన్ఎమ్మే. భుజానికి వ్యాక్సిన్ క్యారియర్ తగిలించుకొని, చేతిలో రిజిస్టర్లతో బస్సు దిగి నడిచి వచ్చేది. ఊళ్ళో అందరికీ ఆమె నర్సమ్మ. ఏ ఇంట్లో ఎన్నో కాన్పు, ఎవరికి రక్తం తక్కువ, ఏ పిల్లాడికి ఏ టీకా బాకీ ఉందో రిజిస్టర్ తెరవకుండానే చెప్పేది. మగవాళ్ళు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్ళు కాదు. మా పల్లెలో ఒక ఆడమనిషి మాటకు అంత విలువ ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు.

మా నాయన కౌలుకు పొగాకు వేసేవాడు. అమ్మ గ్రేడింగ్‌కు పోయేది. 2000లో పొగాకుకు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు చేసిన అప్పు మా ఇంట్లో చాలాకాలం తీరలేదు. అందుకే నా ఇంటర్ అయిపోయేసరికి నాయన లెక్క ఒకటే, తొందరగా ఉద్యోగం వచ్చే చదువు కావాలి. నర్సమ్మను అడిగాడు.

"పాపకు నీ మాదిరి ఏఎన్ఎం చేపిద్దామనుకుంటున్నా నర్సమ్మా."

"ఏఎన్ఎం వద్దన్నా. నేను పదో తరగతి మీద పద్దెనిమిది నెలల కోర్సు చేసి ఇక్కడే ఆగిపోయినా. పాపకు ఇంటర్ ఉంది గదా. జీఎన్ఎం అని నర్సింగ్ డిప్లొమా ఉంది, అది చేపించు. స్టాఫ్ నర్సు అవుద్ది. ఆపైన చదువుకోవాలన్నా దారుంటది."

నా జీవితంలో నాకు దొరికిన మొదటి కెరీర్ గైడెన్స్ అదే. నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ అనేది ఒకటుందని అప్పుడు మాకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా ఆ ఫీజు కట్టే స్తోమత ఉండేది కాదేమో, అది వేరే సంగతి. కానీ తెలియకపోవడం వేరు, తెలిసి వద్దనుకోవడం వేరు. నా బాధంతా ఆ తెలియకపోవడం గురించే.

మా మేనమామ గట్టిగా అడ్డుపడ్డాడు. "రాత్రి డ్యూటీలు చేసే పిల్లను ఎవుడు చేసుకుంటాడు బావా?" అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. మా అవ్వ మాట్లాడింది. ఆమెకు తొలి కాన్పు కష్టమైతే ఎద్దులబండి మీద ఒంగోలు క్లౌ ఆసుపత్రికి తీసుకెళ్ళారట. "ఆ రాత్రి తెల్లగుడ్డల నర్సమ్మ నా పక్కన కూచోకపోతే నువ్వూ లేవు, నీ అక్కా లేదు" అని మామ నోరు మూయించింది.

అవ్వ చెప్పిన ఆ మిషన్ ఆసుపత్రులదే మా రెండు జిల్లాల్లో నర్సింగ్‌కు మొదటి పునాది. అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్ళు 1840లోనే నెల్లూరు వచ్చారు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయన పేరు మీదే అక్కడి ఆసుపత్రి. నెల్లూరులో ఆడవాళ్ళకూ పిల్లలకూ మిషన్ ఆసుపత్రి పెట్టి నర్సులను తయారు చేశారు. పరాయి మనిషి మలమూత్రాలు ఎత్తే పని అని పెద్ద కులాల వాళ్ళు ముఖం తిప్పుకున్న కాలంలో ఈ చదువు చదివింది ఎక్కువగా మాల మాదిగ పల్లెల క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. ఊరికి దూరంగా ఉంచిన ఇళ్ళలోంచి వచ్చి ఊరందరికీ పురుళ్ళు పోశారు. మాలాంటి వాళ్ళం ఆ తర్వాత ఎప్పటికో వాళ్ళు వేసిన బాటలో నడిచాం. ఈ మాట మా ప్రాంతంలో నర్సింగ్ గురించి ఎవరు రాసినా ముందు రాయాలని నా అభిప్రాయం.

2005లో సింగరాయకొండ స్టేషన్లో రైలెక్కి నెల్లూరులో దిగాం. కాలేజీ వాళ్ళిచ్చిన లిస్టు ప్రకారం రేకు పెట్టె, బకెట్, తెల్ల బూట్లు, కత్తెర, సెకన్ల ముల్లు ఉన్న వాచీ కొన్నాం. ఆ వాచీ ఎందుకో నాయనకు అర్థం కాలేదు. నాడి చూడటానికని దుకాణంలో ఉన్న ఎవరో చెప్పారు. అప్పుడు నాయన బేరం ఆడటం ఆపేసి మంచిదే ఇవ్వమన్నాడు.

రూంలో ఐదుగురం. అందరినీ ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్ళం. కావలి, ఉదయగిరి, కనిగిరి, మార్కాపురం, కందుకూరు. ఇప్పటికీ నా ఫోన్లో వాళ్ళ నంబర్లు ఆ పేర్లతోనే ఉన్నాయి. ఉదయగిరి వాళ్ళమ్మ చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కి అమ్మేది. మార్కాపురం వాళ్ళ నాన్న పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు, ఆయనకు దగ్గు ఎప్పుడూ తగ్గేది కాదు. కనిగిరి ఊళ్ళో నీళ్ళలో ఫ్లోరైడ్. ఆ పిల్ల నవ్వేటప్పుడు పళ్ళ మీద గోధుమ రంగు గారలు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. కావలి మాత్రం టీచర్ల ఇంటి పిల్ల, మాలో కాస్త ఉన్నవాళ్ళు. ఆదివారం వాళ్ళమ్మ మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు పెద్ద క్యారియర్ నిండా తెచ్చేది. హాస్టల్ సాంబారుతో విసిగిపోయిన మేము ఆ రోజు అన్నం ఎంత తినేవాళ్ళమో చెప్పలేను.

చదువు మొదలయ్యాక మాకు పెద్ద కష్టం ఇంగ్లీషు. కావలి తప్ప అందరం తెలుగు మీడియం. అనాటమీ పుస్తకం తెరిస్తే పేజీకి నాలుగు మాటలు కూడా తెలిసేవి కావు. పాఠం చెప్పే మేడమ్‌లలో కేరళ వాళ్ళు ఎక్కువ, వాళ్ళకు తెలుగు అంతంత మాత్రం. కావలి రాత్రి పూట లైటు తీసేదాకా కూర్చొని మాకు తెలుగులో చెప్పేది. "గుండెకు నాలుగు గదులు. చెడు రక్తం ఈ వైపు నుంచి వచ్చిద్ది, ఊపిరితిత్తుల్లోకి పోయి బాగై ఆ వైపుకు వచ్చిద్ది" అంటూ నేల మీద సుద్దముక్కతో గీసేది. బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే, స్టాట్ అంటే వెంటనే. ఇలాంటివి వార్డులో వాడీ వాడీ నోటికొచ్చేశాయి. పుస్తకంలో ఇంగ్లీషు కంటే కేస్ షీట్లో ఇంగ్లీషు తొందరగా వచ్చింది మాకు.

మొదట్లో పని అంతా పక్కలు వేయడమే. దుప్పటి మూల మడత సరిగ్గా రాకపోతే సీనియర్ సిస్టర్ మొత్తం లాగేసి మళ్ళీ వేయమనేది. లేవలేని మనిషి మంచం మీద ఉండగానే ఆయన్ను పక్కకు తిప్పి, కింద దుప్పటి మార్చి, ఒక్క ముడత లేకుండా వేయడం నేర్చుకున్నాం. ఇంత చదువుకొని పక్కలు వేయడమేంటని మాకు చిరాగ్గా ఉండేది. ఒకరోజు ఆ సిస్టరే వెన్ను పడిపోయిన ఒక ముసలాయన నడుం చూపించింది. దుప్పటి ముడత ఒత్తుకొన్న చోట చర్మం కమిలి, పుండు ఎముక దాకా పోయింది. "ఈ ముడత వేసింది కూడా నర్సే" అంది. ఆ తర్వాత ఎవ్వరం విసుక్కోలేదు.

దీపం పట్టుకొని నైటింగేల్ ప్రతిజ్ఞ చేసిన రోజు అమ్మానాయనలు వచ్చారు. అమ్మ నన్ను తెల్ల యూనిఫాంలో చూసి గుర్తుపట్టలేక పక్క అమ్మాయి వైపు నడిచింది.

నెల్లూరు చుట్టూ వరి. వరి ఉన్నచోట ఎలకలు, ఎలకలు ఉన్నచోట పాములు. కోతల కాలంలో పాము కాటు కేసులు వస్తూనే ఉండేవి. నాకు బాగా గుర్తున్న రాత్రి ఒకటి. కోవూరు వైపు నుంచి ఒక కూలి మనిషిని ఆటోలో తెచ్చారు. పాదం వాచిపోయి ఉంది, చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. రక్తపింజర అన్నారు తోడు వచ్చినవాళ్ళు. ఆయన భార్య బోర్డర్ చిరిగిన చీర కొంగు నోట్లో కుక్కుకొని మా కాళ్ళ దగ్గరే కూలబడింది.

డ్యూటీ సిస్టర్ నా చేతికి గాజు టెస్ట్ ట్యూబ్ ఇచ్చింది. "పొడిగా ఉందా చూడు. సబ్బుతో కడిగిన ట్యూబ్ వద్దు, లెక్క తప్పుద్ది. రెండు ఎంఎల్ రక్తం తీసి నిలబెట్టు. ఇరవై నిమిషాలు కదిలించొద్దు. వాచీ చూసుకో." పాము విషం రక్తాన్ని గడ్డకట్టనీయకపోతే ఇరవై నిమిషాల తర్వాత ట్యూబ్ వంచినా రక్తం నీళ్ళలాగే జారుతుంది. పెద్ద మిషన్లేమీ అక్కర్లేని పరీక్ష. మారుమూల పీహెచ్‌సీలో కూడా నర్సు చేయగలదు. ఆ ఇరవై నిమిషాలూ ఆయన బీపీ చూస్తూ, మూత్రం రంగు చూస్తూ, నేను ఆ ట్యూబ్ పక్కనుంచి కదల్లేదు. వంచి చూస్తే రక్తం గడ్డ కట్టలేదు. డాక్టరు గారు వెంటనే విరుగుడు రాశారు. ఆ మందు పొడి రూపంలో ఉంటుంది. నీళ్ళు కలిపాక గబగబా ఊపితే నురగ వస్తుంది. అరచేతుల మధ్య పెట్టుకొని మెల్లగా తిప్పుతూ కరిగించాలి. ఒక్కో వైల్ కరిగించి సిస్టర్‌కు అందిస్తుంటే, ఆమె సెలైన్లో కలుపుతూ, ఇంకో చేత్తో అడ్రినలిన్ సిరంజి సిద్ధం చేసి పెట్టింది. విరుగుడే పడకపోవచ్చు కొందరికి, అందుకు.

తెల్లవారాక మళ్ళీ రక్తం తీసి నిలబెట్టాం. ఈసారి గడ్డకట్టింది. ట్యూబ్ తలకిందులు చేసినా జారలేదు. సిస్టర్ దాన్ని ఆయన భార్యకు చూపించి "గడ్డకట్టిందమ్మా, మీ ఆయనకు గండం తప్పినట్టే" అంది. ఆమెకు ఏమర్థమైందో, ఆ ట్యూబ్‌కే దండం పెట్టింది. నర్సు ఉద్యోగం నాకు ఎందుకు ఇష్టమని ఎవరైనా అడిగితే ఈ సంగతే చెబుతాను.

లేబర్ రూం పోస్టింగ్ అంటే అందరికీ భయం, అందరికీ ఇష్టం. ఇరవై కాన్పులు మా చేతులతో చేసి కేస్ బుక్‌లో రాసి సంతకం చేయించుకోవాలి. అది నిండకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మా బ్యాచ్‌కు కేసుల కోసం పోటీ ఉండేది, రాత్రి డ్యూటీ కావాలని అడిగి మరీ వేయించుకునేవాళ్ళం. బిడ్డ బయటికి రాగానే ఒక నిమిషానికి ఒకసారి, ఐదు నిమిషాలకు ఒకసారి రంగు, ఏడుపు, గుండె వేగం, కాళ్ళు చేతులు ఆడించడం చూసి మార్కులు వేయాలి. ఒక తల్లి మూడో కాన్పుకు వచ్చింది. మొదటి ఇద్దరూ ఆడపిల్లలే. పుట్టింది పాప అని చెప్పగానే మొహం అటు తిప్పుకుంది. కనిగిరి ఆ పాపను తుడిచి, గుడ్డలో చుట్టి, తల్లి గుండెల మీద పెట్టి, "ఇంట్లో మేము నలుగురం ఆడపిల్లలం అక్కా. మా అమ్మ మందులు కొనేది ఎవరనుకుంటున్నావు?" అంది. అప్పటికి దానికి ఇంకా జీతం లేదు. అయినా అంత ధైర్యంగా చెప్పింది.

సెలవు దొరికితే ట్రంకు రోడ్డు, అప్పుడప్పుడు సినిమా. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు అందరం వెళ్ళేవాళ్ళం. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తుంటే, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. ఉదయగిరి విదేశాల రొట్టె ఎవరిస్తున్నారో వెతుక్కుంటూ నడుముల్లోతు నీళ్ళలో చాలాసేపు తిరిగింది. ఏ దేశమో దానికే తెలియదు. మేము ఉద్యోగం రొట్టెతో సరిపెట్టుకున్నాం.

మా రోజుల్లో కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి మూడున్నరేళ్ళు. ఇప్పుడు మూడేళ్ళే. 2009లో బయటికొచ్చి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ చేయించుకున్నాం.

చేరిన మొదటి ప్రైవేటు ఆసుపత్రి పేరు రాయను. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో పెట్టుకున్నారు. జీతం మూడు వేల చిల్లర. వార్డు నిండా పేషెంట్లుంటే రాత్రికి ఇద్దరం నర్సులం. మానేస్తానంటే సర్టిఫికెట్లు ఇచ్చేది లేదన్నారు. నాయన ఊరి పెద్దమనిషిని తీసుకొచ్చి కూర్చుంటే గానీ ఇవ్వలేదు. ఇలాంటివి దేశమంతా ఉన్నాయని తర్వాత తెలిసింది. సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ 2016లో సిఫారసులు ఇచ్చింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు, రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలి అని. ఆ కాగితం ఉన్న సంగతి చాలామంది నర్సులకు తెలియదు. తెలిసినా అడిగే ధైర్యం ఒక్కరికి రాదు. పదిమంది కలిసి అడగాలి. ఈ విషయంలో నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు.

అక్కడి నుంచి నేను చెన్నై వెళ్ళిపోయాను. నెల్లూరు నుంచి మూడు గంటల రైలు ప్రయాణం. మా ప్రాంతం నర్సులకు చెన్నై ఎప్పుడూ ఆదుకునే ఊరు. ఐసీయూలో వేశారు. వెంటిలేటర్ అలారం ఏది దేనికి మోగుతుందో, రక్తంలో ఆక్సిజన్ రిపోర్టు ఎలా చదవాలో అక్కడ తమిళంలో నేర్చుకున్నాను. కొన్నేళ్ళ తర్వాత తిరిగొచ్చి నెల్లూరులోనే రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేశాను. జీఎన్ఎం చదివినవాళ్ళు డిగ్రీకి చేరే మెట్టు అదే. ఇప్పుడు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పని చేస్తున్నాను. వార్డు వార్డూ తిరిగి ఎవరు చేతులు కడుక్కుంటున్నారో, మూత్రం గొట్టం ఎన్ని రోజులుగా ఉంచారో, వాడిన సూదులు తెల్ల డబ్బాలో పడుతున్నాయో, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్తుందో లేదో చూడటం నా పని. ఇలాంటి ఉద్యోగం ఒకటుంటుందని చదువుకునేటప్పుడు నాకు తెలియదు. నర్సింగ్‌లో ఉండే దారుల్లో సగం లోపలికి వెళ్ళాకే కనపడతాయి.

కనిగిరి ప్రభుత్వ ఉద్యోగమే అని పట్టుబట్టింది. ముందు ఒక పీహెచ్‌సీలో కాంట్రాక్టు. మన రాష్ట్రంలో స్టాఫ్ నర్సు పోస్టులకు మెరిట్ ఎలా లెక్కేస్తారో చాలామంది పిల్లలకు తెలియదు. కోర్సులో వచ్చిన మార్కులకు 75 శాతం వెయిటేజీ. పాసై ఎన్నేళ్ళయిందో దానికి ఏడాదికి ఒక మార్కు చొప్పున పది దాకా. కాంట్రాక్టు సర్వీసుకు పదిహేను దాకా. అంటే పద్దెనిమిదేళ్ళ వయసులో రాసిన పరీక్ష మార్కులు ముప్పై ఏళ్ళప్పుడు ఉద్యోగం తెచ్చిపెడతాయి. ఆ మార్కులు దానికి ఉన్నాయి, నేల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మల పుణ్యమా అని. రెగ్యులర్ అయ్యి ఇప్పుడు ఒంగోలులో చేస్తోంది. హెడ్ నర్సు ప్రమోషన్ కోసం చూస్తోంది, ఆ తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్ దాకా వెళ్ళొచ్చు. మొదటి జీతంతో పళ్ళు బాగు చేయించుకుంది. ఇప్పుడు హాయిగా నోరు తెరిచి నవ్వుతుంది.

కావలి మాకు మల్లే ఆగలేదు. పోస్ట్ బేసిక్, తర్వాత ఎంఎస్సీలో చైల్డ్ హెల్త్. కాలేజీలో పాఠాలు చెబుతోంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు సాయంత్రం విడిగా కూర్చోబెట్టి చెబుతుంది. ఆ పిల్లలు అదృష్టవంతులు.

ఉదయగిరి రెండేళ్ళ అనుభవం కాగానే గల్ఫ్ ప్రయత్నాలు మొదలుపెట్టింది. అక్కడి లైసెన్సు కోసం రాసే ప్రోమెట్రిక్ పరీక్ష, సర్టిఫికెట్లు నిజమైనవేనా అని చూసే డేటాఫ్లో వెరిఫికేషన్, ఆ తర్వాత సౌదీ ఆరోగ్య మినిస్ట్రీలో ఉద్యోగం. అప్పట్లో ఏజెంట్ల చేతిలో లక్షలు పోగొట్టుకున్నవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. 2015లో కేంద్రం నిబంధన మార్చి, సౌదీ లాంటి దేశాలకు నర్సులు ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలంది. మన రాష్ట్రంలో ఓంక్యాప్ ఆ పని చూస్తుంది. ఎవరైనా బయటి ఏజెంటు డబ్బు అడిగితే ముందు అక్కడ కనుక్కోండి. ఉదయగిరి సౌదీ జీతంతో వాళ్ళమ్మకు ఇల్లు కట్టించి, అక్కడి నుంచే ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష రాసి ఇంగ్లండు వెళ్ళిపోయింది. అక్కడ బ్యాండ్ ఫైవ్, అంటే మన స్టాఫ్ నర్సు లాంటి మెట్టులో చేరింది. ఒక ఏడాది సెలవు మీద మొహర్రానికి వచ్చి, చెరువులో దిగి, విదేశాల రొట్టెలు పంచింది. తీసుకున్నవాళ్ళలో యూనిఫాం వేసుకున్న నర్సింగ్ పిల్లలు కూడా ఉన్నారట.

మార్కాపురం కథ చెప్పడం నాకు కొంచెం కష్టం. మాలో చేతిపని దానిదే బాగుండేది. ఎంత సన్నటి నరమైనా సెలైన్ ఎక్కించే కాన్యులా ఒక్కసారికే వేసేది. కోర్సు అయిపోతూనే పెళ్ళి చేశారు. అత్తగారింట్లో రాత్రి డ్యూటీలు ఒప్పుకోలేదు. సర్టిఫికెట్లు పెట్టె అడుగున పడిపోయాయి. పదేళ్ళు అది వంటింట్లోనే ఉంది. మేము ఫోన్ చేస్తే ఆసుపత్రి కబుర్లన్నీ అడిగి అడిగి వినేది.

2020 మార్చిలో రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మా నెల్లూరులోనే బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థి. తర్వాత జరిగింది అందరూ చూశారు. నర్సులు కావాలని కాంట్రాక్టు నోటిఫికేషన్లు వరసగా వచ్చాయి. మార్కాపురం ఆ పెట్టె తెరిచింది. లాక్‌డౌన్ ఎత్తేశాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవడానికి దాని భర్తే బండి మీద తిప్పాడు. అప్పటికి వాళ్ళ ఇంట్లో సంపాదన ఆగిపోయింది. పీపీఈ కిట్టు లోపల చెమట బూట్లలోకి కారుతుంటే, ఊపిరాడని మనుషులను బోర్లా పడుకోబెట్టి, గంట గంటకూ ఆక్సిజన్ చూస్తూ, వార్డులో ఉన్నవాళ్ళకు ఫోన్లో ఇంటివాళ్ళను చూపిస్తూ ఏడాదిన్నర చేసింది. పదేళ్ళ తర్వాత కూడా చెయ్యి మర్చిపోలేదట, మొదటి రోజే నరం దొరికిందని రాత్రి ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళ అత్తగారికి కరోనా వస్తే చూసుకుంది కూడా అదే. ఇప్పుడు డయాలిసిస్ యూనిట్లో పని చేస్తోంది. రాత్రి డ్యూటీ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు.

దాని కూతురు ఇప్పుడు ఇంటర్ బైపీసీ. నర్సింగ్ చేస్తానంటోంది. మొన్న ఆదివారం ఆ పిల్ల కోసం అందరం వీడియో కాల్‌లో కలిశాం. కావలి నేరుగా బీఎస్సీకే వెళ్ళమంది, బైపీసీ ఉన్నప్పుడు ఆ నాలుగేళ్ళూ చదివేస్తే తర్వాత ఎంఎస్సీకి పోస్ట్ బేసిక్ చేయాల్సిన పనుండదని. కనిగిరి ఎయిమ్స్ ఉద్యోగాలకు జరిగే నార్సెట్ పరీక్ష గురించి చెప్పింది, దానికి బీఎస్సీ మొదటి ఏడాది నుంచే చదవాలని. ఉదయగిరి ఇప్పటి నుంచే ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు చేసుకోమంది, జర్మనీ వాళ్ళు జర్మన్ భాష నేర్చుకున్న నర్సులను తీసుకుంటున్నారంది. నేను చెప్పింది ఒకటే. కాలేజీ బిల్డింగు చూడొద్దు, దానికి సొంత ఆసుపత్రి ఉందా, అందులో పేషెంట్లు ఉన్నారా చూడు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ రెండిటి గుర్తింపూ ఉందా అడుగు. వంద పడకల ఆసుపత్రి ఉందని కాగితం మీద రాసుకొని, పిల్లలను బొమ్మల మీద నేర్చుకోమనే చోట చేరితే ఆ లోటు మళ్ళీ పూడదు.

ఆ పిల్ల అందరి మాటా విని, "నాకు మానసిక జబ్బులవాళ్ళకు నర్సుగా చేయాలనుంది పెద్దమ్మా, దానికేం చదవాలి?" అంది. వాళ్ళ తాతకు, అంటే పలకల ఫ్యాక్టరీలో పని చేసిన ఆయనకు, చివరి రోజుల్లో దగ్గుతో పాటు దిగులు జబ్బు కూడా ఉండేదట. దాని గురించి ఎవరికీ ఏం చేయాలో తెలియలేదట. మా ఐదుగురిలో ఆ దారిన వెళ్ళినవాళ్ళు లేరు. ఎంఎస్సీలో మెంటల్ హెల్త్ స్పెషాలిటీ ఉందని, బెంగళూరు నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ నర్సింగ్ కోర్సులు ఉన్నాయని కావలి చెప్పింది. అంతకంటే లోతుగా మాకు తెలియదు. మన జిల్లాల నుంచి వెళ్ళి ఆ వార్డుల్లో పని చేసినవాళ్ళు, ఇప్పుడు చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, చదువు ఎలా ఉంటుందో, తర్వాత ఉద్యోగాలు ఎక్కడెక్కడ ఉంటాయో నాలుగు మాటలు రాయండి. ఆ పిల్లకు చూపిస్తాను.